చలికాలం పాలీహౌస్‌లో బ్యాక్టీరియా మచ్చలు తగ్గాలంటే?

దేవరకొండ దగ్గర పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట గది) టమాటాకు డిసెంబర్‌లో చిన్న నల్ల మచ్చలు వచ్చాయి, బూజు తెగులు మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు, ఏం చేయాలని ఒక రైతు అడిగారు.

మచ్చ చుట్టూ పసుపు వలయం ఉండి, ఆకు తడిసినప్పుడల్లా పెరుగుతుంటే అది బ్యాక్టీరియా కావచ్చు. మామూలు బూజు మందులు దాని మీద పెద్దగా పనిచేయవు. అసలు సమస్య తడి. చలికని రాత్రి కర్టెన్లన్నీ మూసేస్తాం. లోపలి ఆవిరి పైషీటుకు చేరి నీరై, తెల్లవారుజామున బొట్లుబొట్లుగా ఆకుల మీద పడుతుంది. ఆ తడిలోనే బ్యాక్టీరియా ఆకులోకి దూరుతుంది. అందుకే ఎండ పడగానే పక్క కర్టెన్లు, పై వెంట్లు (గాలి కిటికీలు) తెరవండి. మొక్కలకు కొంచెం చలి తగిలినా పర్వాలేదు, ఆకు ఆరడం ముఖ్యం. డ్రిప్ పొద్దునే ఇవ్వండి, సాయంత్రం వద్దు.

ఆకు తడిగా ఉన్నప్పుడు కొమ్మలు కత్తిరించొద్దు, తాడు కట్టొద్దు. తెగులును వరుస వరుసకూ మోసేది మన చేతులూ కత్తెరే. అందుకే కత్తెరను స్పిరిట్‌తో తుడుస్తూ పని చేయండి.

తెగులు ఆకులు తీసి దూరంగా కాల్చేయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పిచికారీ చేస్తే కొత్త ఆకులకు రక్షణ. పాత మచ్చలు మాత్రం మాయం కావు.

పచ్చగా ఉండగానే మొక్క వాలిపోతే అది వేరే సంగతి. కాండం ముక్క కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. పాలలాంటి ధార దిగితే అది బ్యాక్టీరియా వాడు తెగులు, ఆ మొక్కను మట్టితో సహా తీసేయాలి.