ఒకే గ్రే రెండు రకాలుగా కనిపించడం కంట్లోనే మొదలవుతుంది

"నలుపు మీద పెట్టిన గ్రే లేతగా, తెలుపు మీద పెట్టిన అదే గ్రే ముదురుగా ఎందుకు కనిపిస్తుంది? ఇది మన ఊహా, కంటి పనా?" అని అడిగారు. చాలావరకు కంటి పనే.

నేను ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేస్తాను. బ్రోచర్లలో ఇది తరచూ ఎదురవుతుంది. రెండు చోట్లా 50 శాతం నలుపే ఇస్తాం, అయినా "ఇంకు మారింది" అంటారు కస్టమర్లు. అట్టకు రెండు చిల్లులు పెట్టి గ్రే మీద పరుస్తాను. చుట్టూ ఉన్నది కనబడకపోయేసరికి రెండూ ఒకటేనని ఒప్పుకుంటారు. అట్ట తీయగానే తేడా మళ్లీ వచ్చేస్తుంది, ఇన్నేళ్లుగా చూస్తున్న నాకు కూడా.

కారణం రెటీనాలో, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొరలో ఉంది. మెదడుకు వెళ్లే నరంలో సుమారు 10 లక్షల తంతువులే ఉంటాయి, వెలుగును పట్టే కణాలేమో 12 కోట్లకు పైనే. అందుకని పడిన వెలుగునంతా ఉన్నదున్నట్టు పంపడం కుదరదు, ముఖ్యంగా తేడాలే వెళ్తాయి. 1953లో స్టీఫెన్ కఫ్లర్ అనే శాస్త్రవేత్త పిల్లి రెటీనాలో ఇదే చూశారు: ఒక రకం కణం మధ్యలో వెలుగు పడితే చురుకవుతుంది, చుట్టూ పడితే నెమ్మదిస్తుంది. తెల్ల కాగితం మధ్యనున్న గ్రేకి చుట్టూ వెలుగెక్కువ, కాబట్టి దాని సంకేతం బలహీనపడి ముదురుగా అనిపిస్తుంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త పవన్ సిన్హా బృందం 2020లో ప్రచురించిన పని. వాళ్ల ప్రాజెక్ట్ ప్రకాశ్ మన దేశంలో పుట్టుకతో కంటిలో శుక్లాలు ఉన్న పిల్లలకు చూపు తెప్పిస్తోంది. 8 నుంచి 17 ఏళ్ల మధ్య ఆపరేషన్ అయిన 9 మందికి, చూపొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఇలాంటి బొమ్మలు చూపించారు. లోకంలో వెలుగునీడలు ఎలా ఉంటాయో నేర్చుకునే వ్యవధే లేని ఆ పిల్లలకూ మనకు కనిపించినట్టే కనిపించింది! పైగా వెలుగు అంచనా రెండు కళ్ల సమాచారం మెదడులో కలవకముందే జరిగిపోతోందని మరో ప్రయోగంలో తేల్చారు. అనుభవంతో అబ్బేది కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అలాగని అన్నీ ఈ లెక్కకు లొంగవు. 1979లో మైకేల్ వైట్ అనే పరిశోధకుడు చూపిన చారల బొమ్మలో, నల్ల చారలో ఇరికించిన గ్రే ముక్కను పక్కనున్న తెల్ల చారలే ఎక్కువగా ఆనుకుని ఉంటాయి. పై లెక్కన అది ముదురుగా కనిపించాలి. లేతగా కనిపిస్తుంది.