గన్నవరం–ఢిల్లీ టికెట్ క్రెడిట్ గడువు అయిపోయింది అంటున్నారు: పొడిగింపు కాదు, రీఫండ్ అడగండి

రద్దయిన టికెట్ డబ్బు ఇవ్వకుండా, తర్వాత ఇంకో టికెట్‌కి వాడుకోమని ఎయిర్‌లైన్ ఉంచిన మొత్తానికి (క్రెడిట్‌కి) గడువు ఎలా పొడిగించుకోవాలని అడిగారు. ఆ ప్రశ్నలోనే చిక్కు ఉందండీ. ఏప్రిల్ 2020 ప్రయాణానికి లాక్‌డౌన్‌కి ముందే ఏజెంట్ దగ్గర కొన్న టికెట్ అన్నారు. అలాంటి క్రెడిట్‌కి పొడిగింపు అడిగితే కాల్ సెంటర్‌లో "కుదరదు" అనే అంటారు.

సుప్రీంకోర్టు 1 అక్టోబర్ 2020న ఇచ్చిన తీర్పు ప్రకారం, 24 మే 2020 లోపు ప్రయాణానికి కొన్న ఇలాంటి టికెట్ల క్రెడిట్ 31 మార్చి 2021 వరకు చెల్లేది. అప్పటికీ వాడకపోతే డబ్బే వెనక్కి ఇవ్వాలి. అంటే గడువు దాటడం మీకే లాభం.

ఇక అందరూ వదిలేసే మెట్టు. ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ డబ్బు మీ బ్యాంకుకి రాదు, ఏజెంట్ ఖాతాకి వెళ్తుంది. అతను వెంటనే మీకివ్వాలి. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

1. ఎయిర్‌లైన్‌కి ఫోన్ వద్దు, మెయిల్ పెట్టండి: "ఈ పీఎన్ఆర్ డబ్బు ఏ తేదీన, ఏ ఖాతాకి, ఎంత పంపారు?" అంతే రాయండి. కథంతా రాస్తే రెడీమేడ్ జవాబు వస్తుంది.

2. ఏజెంట్‌కి పంపామంటే ఆ మెయిల్ ప్రింట్ తీసి విజయవాడ గవర్నర్‌పేటలో అతని కౌంటర్‌కి వెళ్లండి. కాగితం చూశాక "ఇంకా రాలేదు సార్" అనడం కష్టం.

3. ఎవరికీ పంపలేదంటే తీర్పు తేదీ రాసి రీఫండ్ అడగండి. కదలకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

4. ఏజెంట్ మొండికేస్తే 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. పాత రసీదు, పీఎన్ఆర్ చేతిలో ఉంచుకోండి.