రెండు లక్షల గీత కోసం ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల కిందట గ్రీన్ కార్డు వచ్చింది. మా వారి జీతం 1,42,000 డాలర్లు, నాది 71,000. అమ్మాయి పదకొండో గ్రేడ్, 2027 ఆగస్టులో కాలేజీకి వెళ్తుంది. చదువులో బాగా ముందుంటుంది. హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్, పెన్ (యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా) అంటోంది. రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉంటే ఇలాంటి చోట్ల ట్యూషన్ ఫ్రీ అని మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపింది. మాది 2,13,000. నేను ఉద్యోగం మానేస్తే గీత లోపలికి వచ్చేస్తాం కదా? కూకట్‌పల్లిలో అద్దెకిచ్చిన ఫ్లాటు, షాద్‌నగర్ దగ్గర 300 గజాల ప్లాటు ఉన్నాయి. రెండూ కలిపి రెండు కోట్లు చేస్తాయి. వాటిని మా అత్తగారి పేరు మీదకు మార్చేద్దామని మా వారు అంటున్నారు. మామగారి పేరున గుంటూరు జిల్లాలో రెండెకరాల పొలం కూడా ఉంది. కాలేజీ చదువు కోసం దాచే 529 ఖాతాలో 78,000, అమ్మాయి పేరున మేం నడిపే కస్టోడియల్ ఖాతాలో 14,000 డాలర్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఆడపడుచు గారి మెసేజ్ సంగతి. అది అబద్ధం కాదు. హార్వర్డ్ 2025 మార్చిలో ప్రకటించింది: కుటుంబ ఆదాయం రెండు లక్షల డాలర్లు, ఆ లోపు ఉంటే ట్యూషన్ ఉండదు, లక్ష లోపైతే హాస్టల్, భోజనం కూడా వాళ్లే చూసుకుంటారు. ఎంఐటీ, పెన్ అంతకు నాలుగు నెలల ముందే, 2024 నవంబరులో, అదే రెండు లక్షల గీత గీశాయి. ప్రిన్స్‌టన్ 2025 ఆగస్టులో ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ ట్యూషన్ గీత రెండున్నర లక్షలు, లక్షన్నర లోపు కుటుంబాల్లో చాలామందికి అసలు బిల్లే రాదు.

అంటే మీరు చెప్పిన నాలుగింటిలో ఒకదానికి మీరు ఇప్పటికే గీత లోపల ఉన్నారు. ఈ సంగతి ఆ మెసేజ్‌లో ఉండి ఉండదు.

ఇక ఉద్యోగం మానేయడం. ఇందులో మొదటి చిక్కు క్యాలెండర్‌తోనే వస్తుంది. కాలేజీలు రెండేళ్ల వెనకటి ఆదాయం చూస్తాయి. 2027 ఆగస్టులో చేరే పిల్లలకు 2025 ట్యాక్స్ రిటర్నే ఆధారం. ఆ సంవత్సరం అయిపోయింది. మీరు రేపే రిజైన్ చేసినా మొదటి ఏడాది లెక్క మారదు. తర్వాతి మూడేళ్లకు 2026, 2027, 2028 ఆదాయాలు చూస్తారు. ఎయిడ్‌కు, అంటే కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయానికి, ఏటా కొత్తగా అప్లై చేయాల్సిందే, ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. కాబట్టి గీత లోపల ఉండాలంటే మీరు మూడేళ్లు ఇంట్లో కూర్చోవాలి. 71,000 చొప్పున మూడేళ్లకు 2,13,000 డాలర్ల జీతం. ట్యాక్సులు పోను ఏడాదికి 50 వేలు చేతికొస్తాయనుకున్నా లక్షన్నర పోయినట్టే. మీ 401(k) అనే రిటైర్‌మెంట్ పొదుపు, అందులో కంపెనీ వేసే వాటా, మూడేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కునే టెన్షన్ నేనింకా కలపలేదు.

దీనికి బదులుగా ఏమొస్తుంది? ఆదాయం 2,00,001 అయిన రోజున ఎయిడ్ సున్నా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. గీత దాటాక ఎయిడ్ ఏటవాలుగా తగ్గుతూ పోతుంది. గీతకు 13 వేలు అవతల ఉన్న కుటుంబం పూర్తి ట్యూషన్ కట్టాలనేమీ లేదు. పైగా ఇదంతా సీటు వచ్చాకే కదా. 2024లో చేరిన బ్యాచ్‌కు హార్వర్డ్ నూటికి నలుగురికి కూడా సీటివ్వలేదు. ఆ లెక్క 3.6 శాతం. మీ అమ్మాయి ఎంత బాగా చదివినా, ఆ శాతాన్ని నమ్ముకుని ఇంట్లో ఒక జీతం ఆపేయమని నేను చెప్పలేను. మానేయడానికి మీకు వేరే కారణం ఉంటే, ఇంట్లో ఉండాలనిపిస్తేనో ఆరోగ్యం బాగోకపోతేనో, అది వేరే మాట. కాలేజీ కోసం మాత్రం వద్దు.

అసలు మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా పట్టింపు అనిపించింది జీతం కాదు, ప్లాటు.

ఈ ప్రకటనల్లో ఆదాయం అంకె పక్కనే ‘మామూలు స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబాలకు’ అనే చిన్న మాట ఒకటి ఉంటుంది. టైపికల్ అసెట్స్ అంటారు. ఎంఐటీ, పెన్ ఆ మాటను తమ ప్రకటనల్లోనే వాడాయి. వాట్సాప్‌లో ఎగిరిపోయేది సరిగ్గా ఈ ముక్కే. ఆదాయం తక్కువగా ఉండి అద్దె ఇళ్లు నాలుగున్న కుటుంబాన్ని, అదే ఆదాయంతో ఏమీ లేని కుటుంబాన్ని వాళ్లు ఒకే గాటన కట్టరు.

ఎయిడ్ కోసం మీరు నింపాల్సినవి రెండు ఫారాలు. ఒకటి ఫాఫ్సా, అది ప్రభుత్వానిది. రెండోది సీఎస్‌ఎస్ ప్రొఫైల్, మీ అమ్మాయి అంటున్నలాంటి పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీలు చాలావరకు అడిగేది ఇదే. ఇది చాలా లోతుకు వెళ్తుంది. ఆ ఏడాది మీరు 401(k)లో వేసిన డబ్బు కూడా అడుగుతుంది. ఉంటున్న ఇల్లు కాకుండా ఇంకేం స్థిరాస్తులున్నాయో అడుగుతుంది. అవి అమెరికాలో ఉన్నాయా, షాద్‌నగర్‌లో ఉన్నాయా అన్నదానితో దానికి పని లేదు. ఫ్రిస్కోలోని మీ ఇంటి విషయంలో మాత్రం ఊరట ఉంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ సొంతింటి విలువను లెక్కలోకి తీసుకోవు. పెన్ కూడా కొత్త పథకంతో పాటే దాన్ని పక్కన పెట్టింది. రిటైర్‌మెంట్ ఖాతాల్లో ఇప్పటికే ఉన్న నిల్వ జోలికి కూడా మామూలుగా రారు. మిగిలేది ఫ్లాటు, ప్లాటు, బ్యాంకు, షేర్లు.

తర్వాత అందరూ అడిగే ప్రశ్న మీరూ అడుగుతారని తెలుసు. రిజిస్ట్రేషన్ విలువ వేయాలా, బయట నడుస్తున్న ధర వేయాలా? ఫారం అడిగేది ఈరోజు అమ్మితే ఎంత వస్తుందని. కాబట్టి బయట ధరే, లోన్ ఉంటే అది తీసేసి. మీ రెండు కోట్లు ఇప్పటి రేటులో సుమారు 2,20,000 డాలర్లు. ఒక్కో యూనివర్సిటీ లెక్క ఒక్కో రకం. ఉదాహరణకి అందులో అయిదు శాతం ఏటా చదువుకు ఖర్చు పెట్టగలరని అనుకుంటే, మీ వాటా ఏడాదికి 11 వేల డాలర్లు పెరుగుతుంది. అంత మొత్తం ఏటా ఎక్కువ కట్టడం బాధే. కానీ కొంప మునిగిపోదు.

అత్తగారి పేరు మీదకు మార్చడం మాత్రం వద్దేవద్దు. ఇక్కడి గిఫ్ట్ ట్యాక్స్ నియమాల ప్రకారం ఒకరికి ఏడాదిలో 19,000 డాలర్లు దాటి ఇస్తే ఫారం 709 వేయాలి. అక్కడ గిఫ్ట్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ కట్టాలి. రేపు మళ్లీ మీ పేరుకు రావాలంటే ఇంకోసారి. మధ్యలో మిగతా వారసులు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు, మీకే బాగా తెలుసు. వీటన్నిటికీ మించి, ఫారం కోసం పేరు మాత్రం మార్చి ఆస్తి మనదే అనుకోవడం అంటే అబద్ధం మీద సంతకం పెట్టడమే. ఆ సంతకాల్లో మీ అమ్మాయిది కూడా ఉంటుంది. తర్వాత బయటపడితే ఎయిడ్ వెనక్కి అడుగుతారు, ఒక్కోసారి సీటుకే ముప్పు.

నా దగ్గరకొచ్చిన ఒక తండ్రి ‘ఇండియాలోది కదా’ అని ఆ గడులన్నీ ఖాళీగా వదిలేశారు. ట్యాక్స్ రిటర్న్‌లో హైదరాబాద్ ఇంటి అద్దె చూపించారు, ఫారంలో ఆ ఇల్లు లేదు. కాలేజీ వాళ్లు మర్యాదగానే అడిగారు, ఆయన మర్యాదగానే దిద్దుకున్నారు. ఆ మూడు వారాలూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, కూకట్‌పల్లి అద్దె మీ అమెరికా రిటర్న్‌లో చూపిస్తున్నారా? ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. అక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ ఫారం కూడా వేయాలి. వేయకపోతే కాలేజీ పని పక్కన పెట్టి ముందు మీ ట్యాక్సులు చూసే సీపీఏని కలవండి.

మామగారి పొలం గురించి కంగారు పడకండి. అది ఆయన పేరున ఉన్నంతకాలం ఆయనదే. రేపు మీకు వస్తుందని ఈరోజు రాయక్కర్లేదు.

ఇక మీ చేతిలో ఉన్న డబ్బు. అమ్మాయి పేరున ఉన్న 14,000 కాస్త ఇబ్బంది పెట్టేదే. పిల్లల పేరున ఉన్న డబ్బులో 20 శాతం చదువుకు కట్టగలరని ఫాఫ్సా లెక్కేస్తుంది, తల్లిదండ్రుల ఆస్తుల్లో మహా అయితే 5.64 శాతం. దాన్ని కస్టోడియల్ 529కి మారిస్తే తల్లిదండ్రుల ఆస్తి కింద లెక్కిస్తారు. ఇది చట్టం ఒప్పుకునే పద్ధతి, ఎవరి పేరూ మార్చే పని లేదు. షేర్లు అమ్మాల్సి వస్తే లాభం మీద పన్ను పడుతుంది, అదొక్కటి చూసుకోండి.

ట్యూషన్ ఫ్రీ అయిపోతే 529లో ఉన్న 78,000 వృథా కదా అని దిగులు పడేవాళ్లున్నారు. ట్యూషన్ ఒక్కటే బిల్లు కాదండీ. 2025-26లో హార్వర్డ్ ట్యూషన్ 59,320 డాలర్లు, హాస్టల్, భోజనం, ఫీజులతో కలిపి మొత్తం బిల్లు 86,926. అంటే ట్యూషన్ మొత్తం మాఫీ అయినా ఏడాదికి 27 వేల పైచిలుకు మిగులుతుంది. డాలస్ నుంచి బోస్టన్‌కు విమానం టికెట్లు, పుస్తకాలు, చలికోటు వేరే. హాస్టల్‌కు, భోజనానికి 529 డబ్బు పన్ను లేకుండా వాడుకోవచ్చు, కాబట్టి ఆ 78,000 మూడేళ్లలోనే అయిపోతుంది. హాస్టల్, భోజనం కోసం వచ్చే గ్రాంటు మీద పిల్లలకు ఆదాయపన్ను పడుతుందని, ట్యూషన్‌కు వచ్చేదాని మీద పడదని కూడా గుర్తుంచుకోండి.

టెక్సాస్‌లో ఉండి ఇంటి పక్క దారిని మరిచిపోవద్దు. క్లాసులో టాప్ 5 శాతంలో ఉంటే యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్‌గా అడ్మిషన్ వస్తుంది. ఇదివరకు 6 శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ల నుంచి 5 చేశారు. అక్కడి ఇన్‌స్టేట్ ట్యూషన్, అంటే టెక్సాస్ వాళ్లు కట్టేది, ఏడాదికి 11 వేల నుంచి 14 వేల డాలర్ల మధ్య ఉంటుంది. యూటీ సిస్టమ్‌కూ ఉచిత ట్యూషన్ పథకం ఉంది కానీ గీత లక్ష డాలర్లు, మీకు రాదు. ఇలాంటి ప్రతి పథకానికీ ఒక షరతు తోకలా ఉంటుంది. డ్యూక్ యూనివర్సిటీ లక్షన్నర లోపు వాళ్లకు ట్యూషన్ ఉచితం అని 2023లో చెప్పింది, తీరా చూస్తే అది రెండు కరోలినా రాష్ట్రాల పిల్లలకు మాత్రమే. మీ ఆడపడుచు గారు ఈసారి ఇంకేదైనా పంపితే తోక ఎక్కడుందో ముందు చూడండి.

మీలాగే రాసిన మరికొందరికి కూడా ఇక్కడే రెండు మాటలు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా మీద ఉన్న పిల్లలకు ఫాఫ్సా సాయం రాదు, ఎక్కువ యూనివర్సిటీలు వాళ్లను విదేశీ విద్యార్థుల కిందే చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హెర్స్ట్ లాంటివి మాత్రం ఏ దేశం వాళ్లైనా సీటు ఇచ్చేటప్పుడు డబ్బు చూడవు, ఇచ్చాక అవసరాన్ని బట్టి సాయం చేస్తాయి. స్టాన్‌ఫర్డ్, పెన్ విదేశీ విద్యార్థుల విషయంలో అలా కాదు, సాయం అడిగారా లేదా అన్నది సీటు దగ్గర కూడా చూస్తాయి.

విజయవాడ, వరంగల్ నుంచి అడిగేవాళ్లకు: ఇదంతా ఇంటర్ తర్వాత చేరే నాలుగేళ్ల డిగ్రీకే. ఎంఎస్‌కు వర్తించదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎంఎస్‌కే కాబట్టి ఈ వార్త చూసి ఎడ్యుకేషన్ లోన్ ఫైలు మూసేయకండి. కానీ ఇంటర్ చదివే పిల్లలకు నిజంగా ఆ స్థాయి ఉంటే ఖర్చుకు భయపడి అప్లై చేయకుండా ఉండొద్దు. లక్ష డాలర్లంటే దాదాపు 90 లక్షల రూపాయలు. ఆ లోపు ఆదాయం కానిది ఎన్ని ఇళ్లలో చెప్పండి.

ఫ్రిస్కో అమ్మగారూ, ఈ వారాంతంలో ఒక పని చేయండి. ప్రతి యూనివర్సిటీ సైటులోనూ ఎయిడ్ పోను మీరు కట్టేదెంతో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి అది చట్టం ప్రకారం పెట్టి తీరాలి. నాలుగు యూనివర్సిటీలకూ, యూటీ ఆస్టిన్‌కూ మీ అంకెలు రెండుసార్లు వేసి చూడండి. ఒకసారి మీ జీతంతో, ఒకసారి లేకుండా. రెండుసార్లూ ఫ్లాటు, ప్లాటు కలిపే వేయండి. ఒక్కో సైటుకు పదిహేను, ఇరవై నిమిషాల పని. మీ వారినీ పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రిన్స్‌టన్ అంకె చూశాక ఆయనకు గిఫ్ట్ డీడ్ మీద ఉత్సాహం తగ్గుతుందని నా అనుమానం. ఎర్లీ డెసిషన్ కింద పెన్‌కు కట్టుబడాలా వద్దా అన్నది కూడా ఆ అంకెలు చూశాకే తేల్చుకోండి, అక్కడ సీటొస్తే మిగతావి వదులుకోవాలి.

వచ్చిన పది అంకెలూ నాకు పంపండి. అప్పటిదాకా మీ మేనేజర్‌కు ఏమీ చెప్పకండి.