తాటి బెల్లం సంగతి తర్వాత... ముందు ఆ రాత్రి మాత్ర ఎందుకు ఆపారు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకోమన్నారు. మూడు నెలల క్రితం పంచదార మానేశాను. టీలో తాటి బెల్లం, పొద్దున్నే నిమ్మరసంలో తేనె వేసుకుంటున్నాను. సహజమైనవే కదా అని రాత్రి మాత్ర ఆపేశాను. ఈ మధ్య అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి. స్టీవియా ఆకుల పొడికి మారితే ఇంకా మంచిదా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు స్టీవియా గురించి అడిగారు. నాకు మాత్రం ఆ తిమ్మిర్లు, ఆపేసిన మాత్ర గురించే టెన్షన్‌గా ఉంది.

షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గినా ఇలాగే ఉంటుంది. రెండింటికీ వైద్యం వేరు. మిమ్మల్ని చూడకుండా ఏది కారణమో చెప్పలేను. ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. పరగడుపున, తిన్నాక చేసే షుగర్ పరీక్షలతో పాటు హెచ్‌బీఏ1సీ, బి12, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా అవసరం కావచ్చు. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటును చెబుతుంది. మాత్ర తగ్గించి, బెల్లానికి మారింది కూడా మూడు నెలల క్రితమే కాబట్టి అసలు లెక్క అందులో బయటపడుతుంది.

తాటి బెల్లంలోనూ ఎక్కువగా ఉండేది సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే. వంద గ్రాముల పంచదారలో దాదాపు 400 కేలరీలుంటే, బెల్లంలో 380 దాకా ఉంటాయి. ఇనుము, ఖనిజాలు కొంత ఉన్న మాట నిజమే. కానీ అవి ఒంటికి పట్టేంత బెల్లం తింటే షుగర్ ఎక్కడికి పోతుందో ఆలోచించండి. తేనె పంచదార కన్నా బరువు కాబట్టి, చెంచాకు చెంచా చూస్తే కేలరీలు కాస్త ఎక్కువే. పంచదార మానేశాననుకుని రోజుకు రెండుసార్లు తీపి తీసుకుంటున్నారు, పైగా మందు సగానికి తగ్గించారు. ఇలా ఎవరికి వారే మాత్రలు ఆపేసి, కాలికి పుండు పడ్డాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మానేసిన మాత్రను కూడా మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. ముందు డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ఇక స్టీవియా. దాని ఆకు నుంచి శుద్ధి చేసి తీసిన తీపి పదార్థానికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి ఉంది. అది షుగర్‌ను పెంచదు, టీలో కొద్దిగా వాడుకోవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా శుద్ధి చేసిన దాన్నే ఒప్పుకుంది, ముడి ఆకును కాదు. కాబట్టి ఆకుల పొడి జోలికి వెళ్లకండి. ప్యాకెట్ వెనుక మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ అని ఉంటే అది గ్లూకోజ్ కలిసినట్టే. ఎరిత్రిటాల్ అనే మరో తీపి పదార్థం కలిపినవీ ఉంటాయి. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో ఒక పరిశోధన వచ్చింది. కారణం అదేనని తేలలేదు గానీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే వాడండి. ఏదైనా సరే, స్టీవియా మందు కాదు. షుగర్ దించుతుందని మాత్ర తగ్గించొద్దు.

ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. గ్లిమెపిరైడ్ వాడేవారికి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే అప్పుడు స్టీవియా పనికిరాదు. గ్లూకోజ్ పొడి గానీ, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి గానీ వెంటనే తాగాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్‌లు, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. ఏ మాత్ర ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి. అప్పటిదాకా చెప్పుల్లేకుండా నడవొద్దు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. పొక్కు, పగులు, పుండు ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.