గాలికి వంగిన రేడియో టవర్: మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న: విజయవాడ సమీప గ్రామంలో మా రిజిస్టర్డ్ సొసైటీ కమ్యూనిటీ రేడియో నడుపుతోంది. 16 నెలల కిందట వేయించిన టవర్‌కు గత నెల ఈదురుగాలిలో, దాన్ని నిటారుగా పట్టి ఉంచే ఒక స్టే వైరు తెగి, పైభాగం వంగిపోయింది. మూడేళ్ల వారంటీ ఇచ్చిన కాంట్రాక్టరు, ప్రకృతి వైపరీత్యానికి తాను బాధ్యుణ్ని కానంటున్నారు. మేమే బాగు చేయించుకుని తరవాత ఆ ఖర్చు వసూలు చేయవచ్చా? మళ్లీ అనుమతి కావాలా?
- ఒక సొసైటీ కార్యదర్శి

జవాబు: వసూలు చేయవచ్చు. అయితే మరమ్మతుకు ముందు మీరు సేకరించి పెట్టుకునే సాక్ష్యం మీదే అది ఆధారపడి ఉంటుంది.

వారంటీలో ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉన్నంత మాత్రాన వీచిన ప్రతి గాలీ ఆ కోవలోకి రాదు. కట్టడాలపై గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, విజయవాడకు సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని ప్రాతిపదికగా తీసుకుంది. ఆ రోజు మీకు దగ్గరి కేంద్రంలో నమోదైన వివరాలను వాతావరణ శాఖ నుంచి ధ్రువీకరించి తీసుకోండి. సగటు వేగం కాకుండా గరిష్ఠ ఉధృతి ఎంతో అడగండి, ఎందుకంటే ఆ ప్రమాణం లెక్క మూడు సెకన్ల పాటు వీచే గాలి ఉధృతి మీదే ఉంటుంది. నమోదైన వేగం ఆ 180 కిలోమీటర్ల కంటే చాలా తక్కువైతే, తట్టుకోవలసిన గాలికే టవర్ వంగిందని మీరు వాదించవచ్చు. స్టే వైర్లను మీరు బిగించుకోలేదన్నది కాంట్రాక్టరు తరవాతి మాట అవుతుంది కనుక నిర్వహణ రిజిస్టరు, బిల్లులు బయటికి తీయండి.

ఇప్పుడు టవర్ దగ్గరికి వెళ్లి తెగిన చోటును చూడండి. లోహం తళతళలాడుతుంటే అది అప్పుడే విరిగి ఉండవచ్చు. పగులు లోపల కూడా తుప్పు పేరుకుని ఉంటే, గాలికి ముందే అక్కడ లోపం ఉందనడానికి అది ఒక ఆనవాలు కావచ్చు. కాంట్రాక్టరుకు తేదీ, సమయం రాతపూర్వకంగా తెలిపి, వారు వచ్చినా రాకపోయినా, స్ట్రక్చరల్ ఇంజినీరు చేత తనిఖీ చేయించి ఫొటోలతో నివేదిక తీసుకోండి. తీసేసిన వైరు ముక్కను, బోల్టులను పాత ఇనుము కింద అమ్మేయకుండా (ఇలా చేజార్చుకున్నవారు చాలామందే ఉన్నారు) సంతకాలతో సీలు వేసి దాచండి.

ఆ పని పూర్తయ్యాక మరమ్మతును ఆపనక్కర్లేదు. నష్టం పెరగకుండా అందుబాటులో ఉన్న మార్గాలను వాడుకున్నారా అన్నది కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం పరిహారం లెక్కలో చూస్తారు. పైగా వంగిన టవర్ పక్కింటి మీద పడితే, ముందుగా జవాబు చెప్పుకోవలసింది మీరే.

15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'వ్యక్తి' అన్న నిర్వచనంలోకి రిజిస్టర్డ్ సొసైటీ కూడా వస్తుంది. ప్రకటనల ఆదాయాన్ని చూపి మీది వ్యాపారమనే అభ్యంతరం రావచ్చు కాబట్టి, లాభాపేక్ష లేదని తెలిపే నియమావళిని, ఆడిట్ లెక్కలను జత చేయండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నంత మాత్రాన కమిషన్ తలుపు మూసుకుపోదు.

ఇక అనుమతి విషయం. అదే స్థలంలో, అదే ఎత్తుకు, అదే ట్రాన్స్‌మిటర్‌తో పునరుద్ధరిస్తే అది మరమ్మతే అవుతుంది; ప్రసారం ఆగిన సంగతిని మాత్రం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకు లేఖ ద్వారా తెలపండి. స్థలం మార్చాలన్నా, ఎత్తు పెంచాలన్నా ముందస్తు అనుమతి తప్పదు, ఆ ఎత్తు కూడా నేల నుంచి 30 మీటర్లు దాటరాదు.