తాబేలు గుడ్లు కాయడానికా అమెరికా వెళ్ళింది?

ఈసారి సంచిలో పడ్డ ఉత్తరాల్లో నాలుగు ఒకే గొడవ చుట్టూ తిరిగాయి. చదువుతో పాటు చేసే వలంటీర్ పని దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అని. అందుకే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను. ఆరోగ్యం గురించి అడిగినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఫ్లోరిడాలో బయాలజీ డిగ్రీ రెండో సంవత్సరం. మా యూనివర్సిటీలో 'గ్లోబల్ లెర్నింగ్' కోర్సులు రెండు పూర్తిచేస్తేనే పట్టా ఇస్తారు. నేను సముద్రాల మీద ఒకటి తీసుకున్నాను. వేసవిలో తెల్లవారుజామున బీచ్‌లో తాబేలు గూళ్ళు లెక్కపెట్టే బృందంలో వలంటీరుగా కూడా చేరాను. ఇంట్లో చెబితే నాన్న "తాబేలు గుడ్లు కాయడానికా అమెరికా వెళ్ళింది?" అన్నారు. పిన్ని వాళ్ళు వాట్సాప్ గ్రూపులో రోజూ తాబేలు బొమ్మలు పెడుతున్నారు. ఇప్పుడేమో 'ఈ అనుభవం మిమ్మల్ని ప్రపంచ పౌరులుగా ఎలా మార్చింది' అని వ్యాసం రాయమన్నారు. నిజం చెప్పాలంటే నేనేం మారలేదు. నోట్‌బుక్‌లో అంకెలు వేశాను, అంతే. ఏం రాయాలి?
— ఒక విద్యార్థిని, దక్షిణ ఫ్లోరిడా

జవాబు: తల్లీ, ముందు మీ పిన్నికి నా తరఫున కూడా ఒక తాబేలు బొమ్మ పంపించు.

'నేనేం మారలేదు' అని రాశావు చూడు, ఆ ఒక్క మాటకే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇలాంటి వ్యాసాలు దిద్దిన అనుభవం నాకుంది. నూటికి తొంభైమంది మొదటి పేరాలోనే మారిపోతారు. మూడు గంటలు బీచ్‌లో ప్లాస్టిక్ ఏరి వచ్చి ప్రపంచాన్ని చూసే దృష్టే మారిపోయిందని రాస్తారు. దిద్దేవాళ్ళకు అది తెలుసు, రాసేవాళ్ళకూ తెలుసు, మార్కులు మాత్రం పడుతూనే ఉంటాయి.

మీ కోర్సు ఏం ఆశిస్తోందో కాస్త చూద్దాం. మీ వైపే, మయామీలోని ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ 2010 నుంచి డిగ్రీ పిల్లలందరికీ ఈ కోర్సులు పెట్టింది. వాళ్ళు చూసేవి మూడు. ప్రపంచంలో ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలియడం, ఒకే సమస్యను పలువురి వైపు నుంచి చూడగలగడం, చేతనైన చోట పూనుకోవడం. ఇందులో నువ్వు మారిపోవాలని ఎక్కడా లేదు. రెండోదాన్ని పట్టుకో, నీ వ్యాసం అక్కడే ఉంది.

నీ ఉత్తరం రెండో పేజీలో ఒక సంగతి రాశావు, ఏదో మామూలు విషయంలాగా. పిల్లలు గూట్లోంచి వెళ్ళిపోయిన మూడు రోజులకు, అనుమతి ఉన్న పెద్దావిడ ఒకరు మోచేతి దాకా ఇసుకలో చెయ్యి పెట్టి పెంకులు బయటికి తీస్తుంటే, నువ్వు పక్కన మోకాళ్ళ మీద కూచుని లెక్క రాసుకున్నావు. పొదిగినవి 98, పొదగనివి 6. అన్నిటికన్నా అడుగున, దారి దొరక్క ఉండిపోయిన ఒక పిల్ల, బతికే ఉంది. ఆవిడ దాన్ని తీసి తడి ఇసుక మీద పెడితే అది నీళ్ళ వైపు కాకుండా వెనక్కి, రోడ్డు దీపాల వైపు తిరిగింది. ఇది రాశాక నువ్వు 'అంకెలు వేశాను, అంతే' అంటావేమిటి? వ్యాసం మొదలుపెట్టాల్సింది ఆ పిల్ల వెనక్కి తిరిగిన చోట. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువున్న వైపు పోతాయి. వెనకటి రోజుల్లో రాత్రిపూట ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు హోటళ్ళ మీద ఉంది. అందుకే మీ ఫ్లోరిడా తీరంలో చాలా ఊళ్ళు గుడ్లు పెట్టే కాలంలో బీచ్ వైపు దీపాలు ఆపించడమో, ఎర్రటి దీపాలు పెట్టించడమో చేస్తున్నాయి.

ఇక నువ్వు విశాఖ పిల్లవి. ఇక్కడే నాకు కొంచెం కోపం వచ్చింది, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో మన ఊరి తాబేళ్ళ మాటే లేదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ వైపు అటవీశాఖ వాళ్ళ హేచరీలు నువ్వు చూసే ఉంటావు, కనీసం ఆ కంచె పక్కనుంచి స్కూటీ మీద పోయి ఉంటావు. అక్కడ పద్ధతి వేరు. గుడ్లు పెట్టిన చోట వదిలేస్తే కుక్కలు, నక్కలు ఉంచవు కాబట్టి రాత్రికి రాత్రే తీసుకెళ్ళి కంచె లోపల మళ్ళీ పాతిపెడతారు. కాపలాకు ఆ పల్లెల మత్స్యకారులనే పెట్టుకుంటారు. మీ దగ్గరేమో చాలావరకు గూటిని కదపరు, చుట్టూ కర్రలు పాతి టేపు కట్టి వదిలేస్తారు. గుడ్డు కదిపితే నష్టమని, ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుంది కాబట్టి చోటు మారిస్తే ఆ లెక్కా మారుతుందని మీ పుస్తకం చెబుతుంది. ఇందులో ఎవరిది తప్పు? నన్నడిగితే ఎవరిదీ కాదు, కుక్కలున్న బీచ్ వేరు, కుక్కల్లేని బీచ్ వేరు. కానీ ఫ్లోరిడాలో ఒక్క వేసవి గూళ్ళు లెక్కపెట్టిన పిల్ల విశాఖ వెళ్ళి 'మీరు చేసేది తప్పు' అంటే, అక్కడ ఇరవై ఏళ్ళుగా రాత్రుళ్ళు తిరిగిన కాపలా మనిషి నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు గురించి ఒక పేరా రాయొచ్చు నువ్వు.

ఇంకొంచెం లోపలికి పోతే మీ నాన్నగారికి కూడా పనికొచ్చే కథ ఉంది. తాబేళ్ళకు పెద్ద గండం రొయ్యల ట్రాలర్ వల. అందులో చిక్కితే ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతాయి. దానికి అమెరికా వాళ్ళు వలలో ఒక ఇనప కడ్డీల చట్రం పెట్టించారు. రొయ్య సందుల్లోంచి లోపలికి పోతుంది, తాబేలు కడ్డీలకు తగిలి పైనో కిందో ఉన్న మూత తోసుకుని బయటపడుతుంది. 1989లో చట్టం తెచ్చి, ఈ చట్రం వాడని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనబోమన్నారు. మన దేశం, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 1998లో తీర్పొచ్చింది. తాబేళ్ళను కాపాడాలనుకోవడంలో తప్పు లేదు కానీ అమలు చేసిన తీరు పక్షపాతంగా ఉందన్నారు. కరీబియన్ వైపు దేశాలకు మూడేళ్ళు గడువిచ్చి, మనకేమో నాలుగు నెలలిచ్చారు మరి. మన వలలకు తగ్గట్టు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్ళు ఒక చట్రం తయారుచేశారు. అయినా గొడవ తెమల్లేదు, 2019లో మన సముద్రపు రొయ్య అమెరికా పోవడం ఆగిపోయింది. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ నిషేధం వర్తించదు కాబట్టి భీమవరం వైపు వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. దెబ్బ తగిలింది బోటు మీద బతికేవాళ్ళకు.

ఇప్పుడు చూడు. నీ మోకాళ్ళ దగ్గర వెనక్కి తిరిగిన ఆ పిల్ల, విశాఖ హార్బర్లో రొయ్య ధర, వల్లో మూత పెడితే రొయ్య కూడా జారిపోతుందని గొణిగే బోటు సరంగు, జెనీవాలో కూచుని తీర్పు రాసినవాళ్ళు, అందరూ ఒకే దారానికి ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన నిలబడి నాలుగేసి వాక్యాలు రాయి. సరంగు వైపు రాసేటప్పుడు వెటకారం వద్దు. 'ప్రపంచ పౌరురాలు' అనే మాట ఒక్కసారి కూడా వాడకు. ముగింపులో మారానో లేదో తెలియదనే రాయి, పోయేదేం లేదు.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోకు. డిసెంబరు సెలవులకొస్తే జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున ఆయన్ని సాగర్ నగర్ బీచ్‌కు నడకకు తీసుకెళ్ళు. చాలు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుతోంది. వారాంతాల్లో ఫుడ్ బ్యాంకులో ఊరికే పనిచేస్తోందట. ఇప్పుడొక కంపెనీ వాళ్ళు 'జీతం లేకుండా వలంటీరుగా రా, సర్టిఫికెట్ ఇస్తాం' అన్నారట. వీసాకు ఏమైనా అవుతుందేమోనని మాకు ఒకటే టెన్షన్.
— ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, రెండూ ఒకటి కాదు. ఫుడ్ బ్యాంకు లాంటి ధర్మసంస్థలో, ఎవరైనా ఉచితంగా చేసే పనిని మీ అమ్మాయి కూడా ఉచితంగా చేస్తే దాంట్లో ఇబ్బంది లేదు. కంపెనీ సంగతి అలా కాదు. అక్కడ పక్క కుర్చీలో మనిషికి జీతమిచ్చి చేయించుకునే పనే మీ అమ్మాయితో ఊరికే చేయించుకుంటే, దానికి వలంటీర్ అని పేరు పెట్టినంత మాత్రాన వలంటీర్ పని అయిపోదు. అది ఉద్యోగం కిందికే వస్తుంది, దానికి ముందుగా అనుమతి కావాలి. జీతం ఇవ్వకపోయినా ఉండటానికి గది, భోజనం, గిఫ్టు కార్డులు లాంటివిచ్చినా చిక్కే.

చదువుకు సంబంధించిన పనే అయితే సీపీటీ అనే అనుమతి ఉంటుంది, యూనివర్సిటీ ద్వారా తీసుకోవాలి. ఏదైనా సరే, అక్కడ విదేశీ విద్యార్థుల ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారిని అడగమనండి. నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోమనండి. 'మా సీనియర్ చేశాడు, ఏం కాలేదు' అనే మాట మీద మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు.

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. బీటెక్ మూడో సంవత్సరం. ఒక ఏజెన్సీ వాళ్ళు కాంబోడియాలో అనాథాశ్రమంలో రెండు వారాలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ప్రోగ్రాం ఉందంటున్నారు. లక్షన్నర అవుతుంది. ఎమ్మెస్ అప్లికేషన్‌కు 'గ్లోబల్ ఎక్స్‌పోజర్' అంటున్నారు. నాన్న అప్పు తెస్తానంటున్నారు. వెళ్ళమంటారా?

జవాబు: వద్దు నాయనా. అప్పు చేసి అసలే వద్దు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా వద్దనే అంటాను. కాంబోడియాలో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. డబ్బు కట్టి వచ్చే వలంటీర్లు పెరిగేకొద్దీ చూపించడానికి పిల్లలు కావాల్సి వచ్చి, బీద ఇళ్ళ నుంచి తెచ్చి పెట్టేవాళ్ళు తయారయ్యారు. 2019లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ కూడా బాలల హక్కుల తీర్మానంలో ఈ సంగతిని ప్రస్తావించింది. ఇంకో మాట, రెండు వారాల్లో నీకు ఆ పిల్లల పేర్లు సరిగా పలకడం వస్తుంది, అంతలో నువ్వు విమానం ఎక్కేస్తావు, వాళ్ళు ఇంకో అన్నయ్యకు అలవాటు పడాలి. పైగా నీకు అక్కడి భాష ఖ్మేర్ రాదు, బీఈడీ చదవలేదు. మన ఊరి బళ్ళోకి ఎవరో విదేశీ కుర్రాడు వచ్చి రెండు వారాలు పాఠం చెబుతానంటే హెడ్మాస్టరు గారు గేటు దగ్గరే ఆపుతారు కదా.

వెళ్ళిన ప్రతివాడూ చెడ్డవాడని నేననను. నేనూ తెలియక చేసినవాణ్ణే. లెక్చరరుగా ఉన్న రోజుల్లో ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుగా ముప్పైమంది పిల్లల్ని ఒక పల్లెకు తీసుకెళ్ళాను. ఏడు రోజుల క్యాంపు, బడి వరండాలో పడక. బోరింగు పక్కన ఇంకుడు గుంత తవ్వాం, రాళ్ళు నింపాం, ఎమ్మార్వో గారితో ఫొటో దిగాం. ఆఖరి రోజు బిందె పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చి గుంతను చూసి, "ఇక్కడ నీళ్ళు నిలవవు బాబూ, ఆ మూల నిలుస్తాయి" అంది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మీరు అడిగితేగా" అంది. ఆ రాత్రి ట్రాక్టరు ఎక్కేటప్పుడు ఎవరం మాట్లాడుకోలేదు. మరుసటి ఏడాది అదే ఊరికి వెళ్ళాం, మొదటి రెండు రోజులు పార పట్టలేదు, ఇళ్ళిళ్ళూ తిరిగి అడిగాం. వాళ్ళు గుంత అడగనే లేదు, రేషన్ కార్డు దరఖాస్తులు నింపిపెట్టమన్నారు.

లక్షన్నర పెట్టే బదులు నీకు దగ్గర్లోనే దారులున్నాయి. హనుమకొండలో, హైదరాబాదులో ఇటుక బట్టీలకూ కట్టడం పనులకూ ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలకు భాష రాక బడి దూరమవుతోంది. ఒక చోట, ఒక్క ఏడాది పాటు, వారానికి ఒక్కరోజు వెళ్ళు. ఎమ్మెస్ అప్లికేషన్ చదివేవాళ్ళు పాస్‌పోర్టు ముద్రలు లెక్కపెట్టరు, ఒకే చోటికి ఎన్నాళ్ళు వెళ్ళావో చూస్తారు. పోనీ వాళ్ళు చూడకపోయినా నీకు అప్పు తప్పింది.

ప్రశ్న: ఎన్నెస్సెస్‌లో రెండేళ్ళు చేశాను. విదేశీ యూనివర్సిటీల్లో ఆ గంటలు లెక్కలోకి వస్తాయా?
— ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: క్రెడిట్లుగా మారవు, అప్లికేషన్‌లో వలంటీర్ అనుభవం కింద నిక్షేపంగా రాసుకోవచ్చు. అక్కడివాళ్ళకు ఎన్నెస్సెస్ అంటే తెలియదు కాబట్టి ఒక్క వాక్యంలో చెప్పు. 1969లో గాంధీ శతజయంతి ఏడాదిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకమని, రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలని, ఏడు రోజుల ప్రత్యేక క్యాంపు ఉంటుందని. ఆ తర్వాత నువ్వు చేసిన పని ఒక్కటి రాయి, ఏ ఊరు, ఎంతమంది, ఏం చేశారు అని. మొక్కలు నాటాం అని రాస్తే ఎన్ని బతికాయో కూడా చూసొచ్చి రాయి.

సర్టిఫికెట్, గంటల రిజిస్టరు నకలు మాత్రం ఈ వారమే కాలేజీ ఆఫీసులో సంతకంతో తీసుకో. మీ ప్రోగ్రాం ఆఫీసరు బదిలీ అయ్యాక ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో చెప్పే మనిషి ఆ కాలేజీలో ఉండడు.