శిక్షణ లేనివాళ్లు ఏఈడీ (షాక్ ఇచ్చి గుండె లయను సరిచేసే యంత్రం) వాడొచ్చా? పొరపాటున షాక్ కొడితే?

వాడొచ్చు, షాక్ ఇవ్వాలా వద్దా అన్నది యంత్రమే తేలుస్తుంది. ఛాతీకి అంటించే ప్యాడ్ల ద్వారా గుండె లయను చదివి, గుండె కింది గదులు లయ తప్పి అదురుతున్నప్పుడో, ప్రమాదకరమైన వేగంతో కొట్టుకుంటున్నప్పుడో మాత్రమే ఛార్జ్ అవుతుంది.

విమానాశ్రయంలో ఒకరు కుప్పకూలి, పలక్క, ఊపిరి సరిగా తీయట్లేదనుకోండి. ఒకరు 108కి ఫోన్ చేసి ఛాతీ నొక్కుతుంటే, ఇంకొకరు ఏఈడీ తెచ్చి ఆన్ చేయాలి. ముందు చెమట తుడవాలి, తడి ఉంటే ప్యాడ్ సరిగా అంటదు. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. తాకొద్దని యంత్రం చెప్పగానే అందరూ చేతులు తీయాలి. షాక్ అవగానే మళ్లీ 2 నిమిషాలు నొక్కాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి చూస్తుంటారు, దయచేసి ఆగొద్దు.

పూర్తిగా ఆగిన గుండెను షాక్ నడిపిస్తుందన్నది అపోహ. అప్పుడు యంత్రం షాకే ఇవ్వదు. ‘షాక్ అవసరం లేదు’ అంటే మనిషి కోలుకున్నట్టు కాదు, కదలిక రాకపోతే నొక్కుతూనే ఉండాలి.